నాలుగు వేళ్ళు కలుపుకుని

ఇయర్‌ఫోన్లకు తీగలు అతికించే వరసలో నాది పదకొండో కుర్చీ. ఏడాదిన్నర కిందట కొత్త సంవత్సరం పండక్కి ఊరెళ్ళినప్పుడు, పనికిరాదని పక్కన పడేసిన తీగ ఒకటి జేబులో వేసుకెళ్ళాను. మా అమ్మాయి స్వేస్వేను తలుపుకు ఆనించి నిలబెట్టి, మడమ నుంచి నడినెత్తి దాకా ఆ తీగతో కొలిచి, సరిగ్గా అక్కడ ముడి వేశాను. గుడ్డ పేలిక అయితే సాగుతుంది. తీగ సాగదు. పాదాన్ని ఒక కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను కూడా.

ఆ తరవాత, మా ఫ్యాక్టరీ ఉన్న దొంగ్వాన్‌లో పిల్లల బట్టల కొట్టుకు ఎప్పుడు వెళ్ళినా ఆ తీగ తీసి, గౌను మీద పరిచి, ఈపాటికి ఎదిగి ఉంటుందని ముడి పైన నాలుగు వేళ్ళు కలుపుకునేదాన్ని.

"మీ పాపను ఒకసారి తీసుకొస్తే సరిపోతుంది కదమ్మా" అనేవాడు కొట్టతను.

"వస్తుందిలే. బళ్ళో వేసేటప్పుడు వస్తుంది" అనేదాన్ని.

మొన్నటి పండక్కి వెళ్ళలేకపోయాను. ఆర్డరు ఆగదన్నారు. అలా ఏడాదిన్నర అయింది. నేను నాలుగు వేళ్ళు చాలనే అనుకున్నాను.

ఈ వేసవిలో సీటు వచ్చింది. మాలాంటి బయటి ఊళ్ళవాళ్ళ పిల్లలకు అక్కడ సర్కారు బళ్ళో సీటు ఊరికే రాదు. ఇన్నేళ్ళు ఇక్కడే పని చేశామని ఒక కాగితం, ఇదే గదిలో అద్దెకున్నామని ఒక కాగితం, ఒక్కొక్క దానికి ఇన్నేసి మార్కులు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో పుస్తకాలు అటక మీద పెట్టేసి పనిలోకి వచ్చినదాన్ని. ఒక ఫారం నింపాలంటే నాలుగు ఫారాలు పాడు చేస్తాను. రెండేళ్ళు తిరిగితే ఎర్ర ముద్ర వేసిన ఉత్తరం చేతికొచ్చింది. సెప్టెంబరు ఒకటిన పిల్లను తీసుకురావాలి. తీసుకురాకపోతే సీటు ఇంకొకరికి. మళ్ళీ రాదు.

మా అత్త ఆ ఉత్తరాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, ముద్ర మీద వేలితో రాసి చూసింది. మామయ్యకు పక్షవాతం వచ్చి మూడేళ్ళు. ఆయన మందులు మా ఇద్దరి జీతంలోంచి నడుస్తాయి, ఆయన మంచం అత్త చేతుల మీద నడుస్తుంది. ఆమె ఆ మంచాన్ని వదిలి మా దగ్గరికి రాలేదు, నేను పని వదిలి ఊరికి రాలేను. స్వేస్వేను ఎనిమిదో నెల నుంచీ పెంచింది ఆమే.

"నేనడ్డం పడను" అంది అత్త. "కాని సంచీలో కూరగాయల్లాగా పట్టుకుపోతానంటే ఒప్పుకోను. నన్ను వదిలిపెట్టి మూడు రోజులు మీరిద్దరూ దాన్ని ఎక్కడికైనా తిప్పండి. ఆఖరి రోజుకి దాని నోటితో అది 'వస్తాను' అంటే అట్నుంచి అటే తీసుకుపో. అనకపోతే నా దగ్గరికి పంపెయ్. మళ్ళీ ఆ మాట ఎత్తకు."

"ఎక్కడికి తిప్పుతాం?" అన్నాడు మా ఆయన గ్వీషెంగ్. "లి నదికి వెళ్దాం. దారిలో మెట్ల పొలాలున్నాయట, దేశమంతా వచ్చి చూస్తోంది."

"డబ్బిచ్చి కొండలు చూస్తార్రా? మన పెరటి వెనకది ఏవిటి, పిడకల గుట్టా? రేపట్నుంచి నేనూ దానికి టికెట్టు పెడతాను" అంది అత్త. నవ్వింది. నవ్వి, చప్పున లోపలికి వెళ్ళిపోయింది.

అంతకుముందు, నేను ఊరు చేరినప్పుడు స్వేస్వే గుమ్మంలో నిలబడి ఉంది. నాకు పీట వేసింది. గ్లాసులో వేడినీళ్ళు తెచ్చి రెండు చేతులతో అందించింది. "దారిలో ఇబ్బంది పడలేదు కదమ్మా?" అని అడిగింది. కొత్త గౌను, బకిల్ ఉన్న గులాబీరంగు బూట్లు ఇస్తే ఒళ్ళో పెట్టుకుని, "చాలా బావున్నాయి, మీకు శ్రమ" అంది. ఎంత బుద్ధిమంతురాలు అని నేను పొంగిపోయాను. ఏడేళ్ళు ఇంకా నిండలేదు దానికి.

*

మా ఊరి తాన్ అన్న వ్యాన్ మాట్లాడుకున్నాం. స్వేస్వే బట్టల మూటనూ బడి ఉత్తరాన్నీ కూడా సర్దుకున్నాను. మూడో రోజున పట్నం బస్టాండు దగ్గర మేం దిగితే, అక్కడి నుంచి దొంగ్వాన్‌కు బస్సు ఉంది.

తాన్ అన్నకు బండి నడిపేటప్పుడు నోరు కూడా నడవాలి.

"అరేయ్ గ్వీషెంగ్, మీ ఇంటి ముందు మళ్ళు మూడేళ్ళుగా బీడు పెట్టావు. ఇప్పుడు పక్క జిల్లావాడి మళ్ళు చూడ్డానికి టికెట్టు కొంటున్నావు. దీన్నేమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"అభివృద్ధి అంటారు."

మా ఆయన పగలబడి నవ్వాడు. స్వేస్వే మా ఇద్దరి మధ్య మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు నవ్వాక అదీ నవ్వింది. నేను దాని జుట్టు సవరిస్తే తల కదపకుండా ఉంది. సూది వేసేటప్పుడు పిల్లలు అలా ఉంటారు.

నాకు బండి మలుపు తిరిగినప్పుడల్లా భయం. "కళ్ళు తిరుగుతున్నాయా? వాంతి వస్తోందా? చలా? కిటికీ వెయ్యనా?" అని అడుగుతూనే ఉన్నాను.

"లేదమ్మా, బావుంది" అంటుంది ప్రతిదానికీ.

మెట్ల పొలాల దగ్గరికి మధ్యాహ్నానికి చేరాం. కొండ పాదం నుంచి మబ్బు దాకా మడి మీద మడి. వరి గింజ పాలు పోసుకుంటోంది. జనం గొడుగులు వేసుకుని, అద్దెకిచ్చిన పూల కిరీటాలు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. స్వేస్వే గట్టు మీద వంగి ఒక కంకిని విప్పి చూసింది.

"ఇంకో ఇరవై రోజులుందమ్మా కోతకి. ఈ గట్టు సరిగా పెట్టలేదు. ఎండ్రకాయ బొక్క పెట్టేసింది, చూడండి. నానమ్మ అయితే తిట్టేది."

దాని పేరుకు వరికంకి అనే అర్థం. కోతల నెలలో పుట్టిందని నేనే పెట్టాను. గట్ల మీద దాని నడక చూస్తూ ఉన్నాను. మడమలు సరిగా ఆనడం లేదు. ముని వేళ్ళ మీద నడుస్తున్నట్టు నడుస్తోంది.

"బూట్లు నొప్పిగా ఉన్నాయా?"

"లేదమ్మా. సరిపోయాయి."

అన్నం ఒక ఇంట్లో తిన్నాం. పుట్టగొడుగులు వేసి ఉడికించిన నాటుకోడి, ఎండుమిరపకాయల వేపుడు, బంకన్నం. కోడి రాగానే స్వేస్వే లేచి నిలబడి, తినే పుల్లలు రెండు చేతులతో బిగించి పట్టుకుని, తొడ ముక్కను తీసి, పులుసు కారకుండా మెల్లగా తెచ్చి నా గిన్నెలో పెట్టింది.

"తినండమ్మా. అలిసిపోయి ఉంటారు."

"చూశావా!" అన్నాడు తాన్ అన్న. "మావాడైతే రెండు తొడలూ తిని మూడోది ఏదని అడుగుతాడు. పిల్లను ఇలా పెంచాలమ్మా చెల్లెమ్మా!"

నేను పెంచలేదు. కాని ఆ మెచ్చుకోలు నాకే వచ్చినట్టు తలవంచుకుని తిన్నాను. అంత రుచిగా ఏదీ తిని ఎరగను.

తిన్నాక గట్టు మీద కూర్చోబెట్టుకుని, రాత్రులన్నీ పని చేస్తూ మనసులో వల్లె వేసుకున్న మాటలు మొదలుపెట్టాను. "స్వేస్వే, అక్కడ మా గది చిన్నదే గాని కిటికీ ఉంది. బడి నాలుగంతస్తులు. నువ్వు నాతో..."

పూర్తి చెయ్యనివ్వలేదు. "వస్తానమ్మా. బడికెళ్ళి బాగా చదువుకుంటాను. అల్లరి చెయ్యను. మీకు పనుంటే ఒక్కదాన్నే ఉంటాను" అంది ఒక్క ఊపిరిలో.

ఇంకా మొదటి రోజే. నేను మా ఆయన వైపు పరిగెత్తాను. "అంది! తన నోటితోనే అంది!"

"మరి ఏడుస్తావేంటే?" అన్నాడు ఆయన.

*

మర్నాడు నది. నీళ్ళ మధ్యలోంచి కొండలు వేళ్ళలా నిటారుగా లేచి ఉన్నాయి. తెప్పల రేవు గేటు దగ్గర గోడ మీద జిరాఫీ బొమ్మ వేసి, దాని మెడ మీద ఎర్ర గీత పెట్టారు. ఒక మీటరు ఇరవై. ఆ గీత లోపున్న పిల్లలకు టికెట్టు లేదు. ఎక్కడికెళ్ళినా ఇదే లెక్క. పుట్టినరోజు ఎవరూ అడగరు, గోడకు నిలబెడతారు.

"మూడు పెద్దవాళ్ళవి" అన్నాను నేను కిటికీలోకి. "పాపకి అక్కర్లేదు."

"ఎంతుంటుంది?" అంది టికెట్లామె.

"మీటరు పదిహేను" అన్నాను ధైర్యంగా. తీగ ముడి మీటరు ఎనిమిది. నాలుగు వేళ్ళు ఏడు. ఆ లెక్క నాకు నిద్రలో అడిగినా తెలుసు.

ఆమె స్వేస్వేను చూసింది, నన్ను చూసింది. "నిలబెట్టమ్మా చూద్దాం."

స్వేస్వే గోడ దగ్గరికెళ్ళి, అప్పుడు తలుపు దగ్గర నేను నిలబెట్టినట్టే మడమలు ఆనించి, గడ్డం పైకెత్తి నిటారుగా నిలబడింది. ఎర్ర గీత దాని నుదుటి దగ్గర ఉంది. తల గీత దాటి పైకి వచ్చేసింది.

వెనక వరసలో నవ్వులు.

"మీటరు పదిహేనట! కొంచెం తక్కువ అబద్ధం చెప్పాల్సింది అక్కా!"

"మోకాళ్ళు వంచడం నేర్పకుండా తీసుకొచ్చావా? మావాడికి నడక కంటే ముందు అదే నేర్పాను" అంది మనవణ్ణి ఎత్తుకున్న ఒకావిడ.

"కన్నతల్లికి పిల్ల ఎత్తు తెలీకపోవడమేంటి? ఎరువు తెచ్చుకున్న పిల్లేమో!" అన్నాడు ఎవరో. మంచి హాస్యం అనుకుని అన్నాడు. అందరూ నవ్వారు.

నా ముఖం మండిపోయింది. అబద్ధమాడి దొరికిపోయినా అంత సిగ్గు పడేదాన్ని కాదు. నేను అబద్ధం చెప్పలేదు. అదే కదా.

స్వేస్వే గోడ దగ్గరే నిలబడి నా ముఖం చూస్తోంది. "అమ్మా" అంది మెల్లగా, "వంచనా?"

చెప్తే వంచేది. చెయ్యెత్తి వద్దన్నాను. మా ఆయన గబగబా పిల్లల టికెట్టు కూడా తీసుకుని, "పొడుగు మా అమ్మ పోలిక" అని అందరికీ వినబడేలా అన్నాడు.

తెప్ప మీద అప్పుడు దాన్ని సరిగ్గా చూశాను. గౌను చంకల దగ్గర పట్టేసి, చేతులు కొంచెం ఎడంగా పెట్టుకుంది, కోడిపిల్ల రెక్కల్లాగా. నడుము కుట్టు నడుము మీద లేదు, పక్కటెముకల మీదుంది. నిన్నటి నుంచీ అదే గౌను. రెండు రోజులూ "బావుంది" అంటూనే ఉంది.

"బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టుకో పాపా, చల్లగా ఉంటుంది" అన్నాడు తెప్పవాడు గడ వేస్తూ. పక్క తెప్పల్లో పిల్లలందరూ నీళ్ళు చల్లుకుంటూ కేకలు పెడుతున్నారు.

"వద్దు తాతా. తడిసిపోతాయి. మా అమ్మ కొన్నవి" అంది. రెండు పాదాలూ దగ్గరగా కింద దాచుకుంది.

"పిల్లను చూడమ్మా, ఎంత పొదుపో! నీ అదృష్టం" అన్నాడు తెప్పవాడు. నేను కొండల వైపు తిరిగాను. ఏ కొండ ఎలా ఉందో అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

*

ఆ సాయంత్రం లాడ్జి డాబా మీద గౌను ఉతికి ఆరేస్తున్నాను. చంక కుట్లు విప్పి కొంచెం వదులు చేద్దామని ఆలోచన. ఇంకా వెలుతురుంది. కింద కుళాయి పక్కన మెట్టు మీద స్వేస్వే కూర్చుని ఉంది. చేతిలో వాళ్ళ నాన్న ఫోను. స్నానం తనే చేస్తుంది, తలుపు వేసుకుంటుంది. అప్పుడే చేసి, మేజోళ్ళు వేసుకుని, మళ్ళీ ఆ బూట్లే తొడుక్కుంది.

ఫోనులోంచి అత్త గొంతు వచ్చింది. మాటలు పంపుకుంటున్నారు, ఒకరి తరవాత ఒకరు.

"ఏం తిన్నావే తల్లీ?"

స్వేస్వే ఫోనును నోటికి ఆనించుకుంది. ఆ గొంతు నేను ఊరొచ్చినప్పటి నుంచీ వినలేదు. ముక్కుతో, గారంగా, సాగదీసుకుంటూ. "ఇక్కడ సేమ్యా అస్సలు బాలేదు నానమ్మా. పులుపే లేదు. నీ ఊరగాయ కావాలి. నిన్న కోడి తొడ అమ్మకే వేశాను, నువ్వు చెప్పావని. నాకు తినాలనిపించింది తెలుసా? ఇంకోటి నాన్నకి వేశాను. నేను మెడ తిన్నాను."

"మంచిపని చేశావు. తను ఇంటికొచ్చిన చుట్టం కదా మరి."

నా చేతిలో తడి గౌను అలాగే ఉండిపోయింది. మా వైపు కోడి తొడ పిల్లలది. చుట్టం వస్తే చుట్టానిది. మా అమ్మ గిన్నెలోకి తొడ రావడం నేను పుట్టి ఎరగను. మేం నలుగురం పిల్లలం కొట్టుకుని తినేవాళ్ళం, ఆమె మెడ కొరుకుతూ కూర్చునేది. నిన్న నా గిన్నెలోకి వచ్చింది ఏమిటో నాకు ఇప్పుడు తెలిసింది.

"వస్తానని చెప్పావా?" అత్త గొంతు.

"మొదటి రోజే చెప్పేశాను. నువ్వు నేర్పినట్టే, ఆగకుండా. ఏడవలేదు. ఏదీ వద్దనలేదు. ఒక్కసారి కూడా అలగలేదు." కొంచెం ఆగి మళ్ళీ అంది. "నానమ్మా, ఇంకెన్ని రోజులు మంచిగా ఉండాలి?"

 స్వేస్వే ఫోను తెర వైపే చూస్తూ కూర్చుంది. 

"అక్కడికెళ్ళాక కూడా ఉండాలమ్మా" అంది అత్త. గొంతు జీరగా ఉంది. "ఇంక నీ ఇల్లదే. అమ్మ దగ్గరే పిల్లలుండాలి. నా దగ్గరేముంది, తాత మంచమూ పందులూ."

"మరి కోపమొస్తే?"

"దాచుకో. పండక్కొచ్చినప్పుడు నాకు చెప్పు."

"నొప్పి పుడితే?"

"అమ్మకి చెప్పు."

స్వేస్వే బూటు మడమ దగ్గర వేలు పెట్టి మెల్లగా ఎడం చేసుకుంది. "ఊఁ" అంది ఫోనులోకి. చెప్పదని నాకు తెలిసిపోయింది.

అత్త మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. 'దాని నోటితో అది అంటేనే' అని నా ముందు షరతు పెట్టి, వెనకాల ఆ మాటను దాని నోట్లో పెట్టి పంపింది. తన ఓటమి తనే నేర్పి పంపింది. నేను గెలిచాను.

*

పొద్దున్నే మా ఆయనతో అన్నాను. "దాన్ని ఊరికి పంపేద్దాం."

ఆయన బొడ్డు దగ్గర బెల్టు పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు. "పిచ్చి పట్టిందా? వస్తానంది కదా."

విన్నదంతా చెప్పాను. ఆయన మంచం మీద కూర్చున్నాడు. "అలవాటవుతుందే. ఏ పిల్లలకైనా నాలుగు నెలలు పడుతుంది. మేమూ అలాగే పెరగలేదూ?"

"నేను పొద్దున ఏడింటికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తాను. నువ్వూ అంతే. బడి నుంచి వచ్చి మెడలో తాళంచెవితో తలుపు తీసుకుని ఒక్కతే ఉండాలి. జ్వరమొస్తే చెప్పదు. ఎవరైనా కొడితే చెప్పదు. కింద అంతస్తులో ఎవడెలాంటివాడో, ఏదన్నా అయితే..." సంచీ జిప్పు లాగాను. "రెండు రోజులుగా కాళ్ళు పుండ్లు పడుతుంటే 'సరిపోయాయి' అంటోంది. అలాంటి పిల్లను నేను ఏ నమ్మకంతో గదిలో పెట్టి తాళమెయ్యను? ఏడ్చే పిల్లయితే తీసుకుపోయేదాన్ని. అలిగే పిల్లయినా తీసుకుపోయేదాన్ని."

"సీటు పోతుంది. రెండేళ్ళు తిరిగావు."

"పోనీ."

"మళ్ళీ రాదు."

"తెలుసు."

ఆయన లేచి బెల్టు బిగించుకున్నాడు. "నువ్వే ఊళ్ళో ఉండిపోతే..." అని మొదలుపెట్టి, ఆగాడు. మామయ్య మందుల సంగతి ఆయనకే ముందు గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది. ఇద్దరం ఆ మాట పూర్తి చెయ్యలేదు.

"నువ్వు తాన్ అన్నతో దాన్ని దింపిరా. నీకింకో రోజు సెలవుంది. నేను ఇట్నుంచి బస్సెక్కుతాను" అన్నాను.

"దానికేం చెప్తావు?"

"నేను చూసుకుంటాను."

పట్నం బస్టాండులో తాన్ అన్న వ్యాను గోడ పక్కన ఆపాడు. దక్షిణం బస్సులు ఆ చివర. స్వేస్వే తన బట్టల మూట తనే ఎత్తుకుని దిగింది. అడగకుండానే దక్షిణం బస్సుల దాకా నడిచింది. ముని వేళ్ళ మీద. ముఖం కడిగిన పలకలా ఉంది.

నేను దాని ముందు గొంతుక్కూర్చున్నాను. "స్వేస్వే, ఈసారి కుదరలేదురా. బడివాళ్ళు ఫోను చేశారు. సీటు లేదట."

అది నన్నే చూసింది. కళ్ళలో సంతోషం కాదు, ముందు భయం వచ్చింది. "నేను సరిగ్గా చెప్పలేదా? గేటు దగ్గర పొడుగయ్యాననా?"

"అయ్యో, కాదు! నువ్వు చాలా బాగా చెప్పావు. తప్పు నాది. ఫారంలో తప్పు రాశాను. అమ్మకి చదువు సరిగ్గా రాదు కదా. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం రాసేశాను."

"నానమ్మ కూడా రాయలేదు. వేలిముద్రే" అంది నన్ను ఓదారుస్తున్నట్టు. తరవాత మెల్లగా అడిగింది. "అయితే ఇప్పుడెక్కడికి?"

"ఇంటికి. నాన్నతో. నానమ్మ దగ్గరికి."

"ఈ రోజే?"

"ఈ రోజే. పొద్దు గూకేసరికి ఇంట్లో ఉంటావు."

మూట కింద పెట్టింది. వ్యాను వైపు చూసింది. నా వైపు చూసింది. దాని భుజాలు, నేనొచ్చినప్పటి నుంచీ ఎత్తి పట్టుకున్న భుజాలు, కిందికి దిగాయి. రెండడుగులు వేసింది. మూడో అడుగు వెయ్యలేక అక్కడే సిమెంటు నేల మీద చతికిలబడి, నోరు వంకర తిప్పి, పెద్దగా ఏడుపు మొదలుపెట్టింది.

"అమ్మా! బూట్లు కరుస్తున్నాయి!"

నేను బకిల్ విప్పాను. మేజోడు చర్మానికి అంటుకుపోయింది. నీళ్ళ సీసా తీసి తడిపి, మెల్లగా ఊడదీశాను. మడమ పొక్కి, పగిలి, ఎర్రగా ఉంది. బొటనవేలు గోరు నల్లబడింది. మూడు రోజులు. ఆ పాదంతో మెట్ల పొలాలెక్కింది, ఆ మడమను గోడకు ఆనించి గీత కింద నిలబడింది.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తున్నాగా!" అని కసిరింది.

వీపు మీదికి ఎక్కించుకున్నాను. బరువుంది. ఏడాదిన్నర కిందట ఇలా ఎత్తుకుంటే బస్తాలో దూది ఉన్నట్టుండేది. మెడ చుట్టూ చేతులు బిగించి, నా చెవిలోనే ఏడుస్తూ అన్నీ చెప్పుకుపోయింది. "ఈ గౌను కూడా బాలేదు. గుచ్చుకుంటోంది. వ్యాన్లో నాకు కళ్ళు తిరిగాయి, నువ్వు అడిగినప్పుడు కూడా తిరుగుతున్నాయి. తెప్ప మీద భయమేసింది. కోడి తొడ నాకు కావాల్సింది, నువ్వు మొత్తం తినేశావు! కొంచెం కూడా పెట్టలేదు!"

"తప్పయింది. మొత్తం తినేశాను."

"ఎముక కూడా నాకావు!"

"నాకాను తల్లీ, నాకాను."

బస్టాండు ఆ చివర నుంచి వ్యాను దాకా నూటపాతిక అడుగులుంటాయేమో. నేను చాలా మెల్లగా నడిచాను. తాన్ అన్న తలుపు తెరిచి పట్టుకుని ఏదో హాస్యమాడబోయి, నా ముఖం చూసి, వెళ్ళి దాని మూట తెచ్చి లోపల పెట్టాడు. మా ఆయన దాన్ని నా వీపు మీద నుంచి దించుకుని సీట్లో కూర్చోబెట్టాడు. ఒక్కసారిగా వీపు చల్లగా అయిపోయింది.

"నానమ్మతో చెప్తాను ఉండు, బూట్ల సంగతి" అంది స్వేస్వే ముక్కు తుడుచుకుంటూ, కిటికీలోంచి.

"చెప్పు. అన్నీ చెప్పు."

వ్యాను తిరిగింది. అది చెయ్యి ఊపింది. కాసేపే ఊపింది. తరవాత ముందుకు తిరిగి కూర్చుని, వాళ్ళ నాన్నను ఏదో అడుగుతూ కనిపించింది. ఎంత సేపట్లో వెళ్తామనే అయి ఉంటుంది.

దక్షిణం బస్సులో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటాక టికెట్టు కోసం సంచీలో చెయ్యి పెడితే ముందు బూట్లు తగిలాయి. దాన్ని ఒట్టి కాళ్ళతో పంపేశాను. వాటి కింద ఎర్ర ముద్ర ఉత్తరం. దాని కింద, చుట్ట చుట్టిన తీగ.

కొలవడం మరిచిపోయాను.

మూడు రోజులు పక్కనే ఉంది. తలుపులున్నాయి, గోడలున్నాయి. తీగ సంచీలోనే ఉంది. చలికాలం రాకముందే దానికి స్వెట్టరు కొనాలి, బూట్లు కొనాలి. కొట్టతను అడిగితే ఏం చెప్పను?

ముడిని వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాను. వీపు మీద ఉన్నప్పుడు దాని పాదాలు, ఆ పుండు పడ్డ మడమలు, నడుస్తుంటే నా మోకాళ్ళకు తగులుతూ వచ్చాయి. కుడి మోకాలికి కొంచెం పైన, ఎడమ దానికి సరిగ్గా మీద. అక్కడ చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. ఇంక దాన్ని బట్టే లెక్క కట్టుకోవాలి.